బిందెతో రెండుసార్లు

గాంధీ ఆసుపత్రి మెడిసిన్ వార్డులో ఈ ఉదయం
మంచాలకు కొత్త దుప్పట్లు.
రోగుల కోసం కాదు, ఎక్స్‌టర్నల్ సార్ల కోసం.

చీటీ తీశాను. పదకొండో మంచం.
లాంగ్ కేసు. ముప్పావుగంట.
ఇస్త్రీ మడత చెదరని కోటు జేబులో
టార్చి, టేపు, సుత్తి, దూది,
రూమ్మేట్ నస్రీన్ పొద్దున్నే గుప్పిట్లో పెట్టిన లవంగం.

పేరు సుక్కమ్మ. ముప్పై ఎనిమిదేళ్లు. అడ్డగుట్ట.
వృత్తి అన్నచోట అడక్కుండానే
గృహిణి అని రాసేశాను.
"ఇండ్లల్ల పని జేస్త" అంది కాగితం వైపు చూసి.
"నాలుగిండ్లుండె. ఇప్పుడు రెండే."
కొట్టేసి మళ్లీ రాశాను.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?"
"మాకు మెట్లేడివి బిడ్డా. గుట్టే ఉన్నది."
"మరి గుట్టెక్కితే?"
"బిందె ఉంటే రెండుసార్లు కూసుంట.
లేకుంటే ఒక్కసారే."
పుస్తకంలో ఆయాసానికి నాలుగు తరగతులు.
ఏ తరగతిలోనూ బిందె లేదు.

ఈ జబ్బుకి చెంపలు గులాబీరంగు తిరుగుతాయని కూడా
ఆ పుస్తకమే చెప్పింది.
ఎవరి చెంపలో!
ఈమె చెంపల మీద ఆరిన పసుపు, చెమట,
ఫ్యాను గాలి అందని పదకొండో మంచం ఉక్క.

స్టెతస్కోపు పెట్టాను.
ఏమీ లేదు. నా గుండే నా చెవుల్లో
బల్లమీద ఎవరో వేళ్లతో కొడుతున్నట్టు.
గోడ గడియారం ఇరవై నిమిషాలు మింగేసింది.
అప్పుడామె నా చెయ్యి పట్టుకుని
పొయ్యిమీద గిన్నె సర్దినంత మామూలుగా
ఎడమ రొమ్ము కిందికి జరిపింది.
"గట్ల గాదు. నేను జర ఎడమకు ఒరుగుత.
ఊపిరి ఇడిసి ఆపుత. అప్పుడిను.
బిళ్ల దిక్కు గాదు, గంట దిక్కు పెట్టు."

ఒరిగింది. ఆపింది.
ముందు తలుపు టప్పున మూసినట్టు ఒక చప్పుడు,
ఆ తర్వాత ఎక్కడో చాలా దూరంలో
నిండు గోనెసంచిని గచ్చు మీద ఈడుస్తున్నట్టు
ఇరుకు కవాటంలోంచి ఒరుసుకుంటూ దిగే నెత్తురు.
నేను వింటూనే ఉన్నాను,
వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను.
"సాలా?" అని ఆమె కళ్లతో అడిగేదాకా
ఊపిరి ఇంకా ఆపే ఉందని తట్టలేదు.

"మూడేండ్ల సంది వస్తున్న ఈ పరీక్షలకు.
కిందటేడు ఒగ పిల్లగాడు ఏడ్చిండు, పాపం."
తన జబ్బు పేరు ఇంగ్లిషులో చెప్పింది,
దూరపు చుట్టం పేరు చెప్పినట్టు.

ఎక్స్‌టర్నల్ వచ్చారు. కళ్లద్దాలు నుదుటిమీద.
పల్సు, బీపీ, మర్మర్ అన్నీ అప్పజెప్పాను.
"ఆయాసం గ్రేడెంత?"
"మూడు సార్."
"ఏ ఆధారంతో?"
గుట్ట అన్నాను. బిందె అన్నాను.
వెనక నిలబడ్డ పీజీ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.
సార్ నవ్వలేదు.
"మూడువారాల పెన్సిలిన్ సూది, తీసుకుంటోందా?"

నేనది అడగలేదు.

ఆయనే అటు తిరిగారు.
ఆమె దుప్పటి అంచు మడతపెడుతూ
"బోనాలప్పటి సంది లేదు సార్.
సూది దినమే సేటమ్మ రమ్మంటది" అంది.
బెల్లు మోగింది. అందరం పక్క మంచానికి జరిగాం.

పాసయ్యాను.
సాయంత్రం మెట్రో స్తంభం కింద కనిపించింది,
కొంగుముడిలో వాళ్లిచ్చిన రెండువందలు.
సూది గురించి చెబుదామని దగ్గరికెళ్లాను.
"రేపు గూడ రమ్మన్నరు" అంది, సంతోషంగానే.
బస్సొచ్చింది.

ఇప్పుడు ఇంటర్న్‌ని. పోలియో ఆదివారం.
అడ్డగుట్టలో డ్యూటీ పడింది.
ఐసుముక్కలు కదిలే వ్యాక్సిన్ డబ్బా భుజాన.
సుక్కమ్మ అని గల్లీగల్లీకీ అడిగాను.
ముగ్గురిని చూపించారు.
ముగ్గురిలో ఎవరూ ఆమె కాదు.
పై వరసలో ఇంకా పదిహేడిళ్లున్నాయి.

డబ్బాతో, ఒక్కసారి కూర్చున్నాను.